సంతకం చూశారా?



క్రిందటి సంచికలో ఈ ‘జమా ఖర్చు’ శీర్షికలో డిపాజిట్లకు నామినేషను వ్రాయించుకోవడం గురించి ముచ్చటించుకున్నాం. బరంపురం నుంచి ఒకరు, బళ్ళారి నుంచి ఇద్దరు ఉత్తరాలు వ్రాశారు. సంతోషం. ఈసారి సంగతి కంప్యూటరుకు సంబంధించినది. “బి.కాం. చదివి, బ్యాంకులో ముప్ఫై ఏళ్ళుగా లెడ్జర్లు తిప్పుతున్నవాడికి ప్రోగ్రాముల గొడవ ఎందుకయ్యా?” అని మీరు అనుకోవచ్చు. చివరిదాకా చదవండి. ఇదీ బ్యాంకు సంగతేనని మీకే తోస్తుంది.

మా బావమరిదికి హోసూరులో బేరింగులు, బెల్టులు, నట్లూ బోల్టులూ అమ్మే కొట్టు ఉంది. వాళ్ళ తాతగారు పెట్టిన కొట్టు అది. ఆయన రోజువారీ చిఠ్ఠా తెలుగులో వ్రాసేవారు. మా మామగారి కాలానికి అది సగం తమిళం, సగం ఇంగ్లీషు అయింది. ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్న మా బావమరిది కొడుకు అంతా కంప్యూటరులోకి ఎక్కించాడు. పండుగకు మేము బెంగుళూరు నుంచి వెళ్ళినప్పుడల్లా ఒక పూట కూర్చుని ఆ లెక్కలు చూసిపెట్టడం నాకు ఆనవాయితీ.

ఇటీవల దీపావళికి వెళ్ళినప్పుడు కుర్రవాడు ఉత్సాహంగా ఒక కొత్త ఏర్పాటు చూపించాడు. పెద్ద వ్యాపారుల దగ్గర నుంచి వచ్చే బిల్లుల మీద నలుపూ తెలుపూ గళ్ళతో క్యూ.ఆర్. కోడు ఉంటుంది చూడండి, దాన్ని ఫోనుకు చూపించగానే బిల్లు నంబరు, తేదీ, మొత్తం అన్నీ లెక్కల పుస్తకంలోకి వెళ్ళిపోతాయి. పక్కన ఆకుపచ్చ టిక్కు పడి, ‘సరిచూడబడినది’ అని వస్తుంది.

“ఒక్కో బిల్లు ఎంట్రీ వేయడానికి అయిదు నిమిషాలు పట్టేది మామయ్యా. ఇప్పుడు అయిదు సెకన్లు” అన్నాడు.

బాగుందిరా అని భుజం తట్టాను. తట్టి, అలవాటు కొద్దీ ఒక్క మాట అడిగాను: “ఆ టిక్కు పెట్టేముందు సంతకాన్ని దేనితో పోల్చి చూసిందిరా?”

వాడు ఒక క్షణం ఆగాడు. “అదంతా లైబ్రరీ చూసుకుంటుంది మామయ్యా” అన్నాడు. పక్కన కూర్చుని బొబ్బట్టు తింటున్న మా అమ్మాయి తల ఎత్తింది. తను బెంగుళూరులో సాఫ్ట్‌వేరు కంపెనీలో పనిచేస్తోంది. “ఏదీ, ఆ ప్రోగ్రాము ఒకసారి చూపించరా” అంది.

కౌంటరు వెనుక నేర్చుకున్న పాఠం

నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానో ముందు చెప్పాలి. 1994లో, ఆఫీసరుగా చేరిన కొత్తల్లో, ఒక బ్రాంచిలో డ్రాఫ్టులు పాసు చేసే సీటులో కూర్చునేవాణ్ణి. దసరా ముందు రోజు. కౌంటరు దగ్గర జనం తొక్కిసలాటగా ఉన్నారు. ఒకాయన 9,500 రూపాయల డ్రాఫ్టు తెచ్చాడు. కాగితం అసలుదిలాగే ఉంది, ముద్ర ఉంది, అడుగున చక్కని సంతకం ఉంది. సంతకం క్రింద ఆఫీసరు నంబరు కూడా ఉంది. ఆ రోజుల్లో ప్రతి బ్రాంచిలోనూ ఆఫీసర్ల నమూనా సంతకాల పుస్తకం ఒకటి బీరువాలో ఉండేది. ఆ నంబరు పేజీ తీసి, డ్రాఫ్టు మీది సంతకాన్ని దానితో పోల్చి చూశాకే పాసు చేయాలి. బీరువా నాలుగడుగుల దూరంలో ఉంది. నేను లేవలేదు. పాసు చేసేశాను.

వారం తిరక్కుండానే అది దొంగ డ్రాఫ్టని తేలింది. విచారణ జరిగింది. నెలకు 500 చొప్పున 19 నెలలు నా జీతంలోంచి కోసుకున్నారు. అప్పుడు మా అమ్మాయి ఇంకా పుట్టలేదు. కొత్త కాపురం. ఆ 19 నెలలూ మా ఆవిడ ఒక్క మాట అనకుండా ఇల్లు నడిపింది. నన్ను ఎక్కువ బాధ పెట్టింది అదే.

ఆ బ్రాంచి అకౌంటెంటుగారు, పెద్దాయన, విచారణ అయ్యాక పిలిచి అన్నారు: “ఆ సంతకం బాగుందా లేదా అని కాదు నాయనా, కలిసిందా లేదా అని చూడాలి. కాగితం చదవడం వేరు, సరిచూడడం వేరు.” అప్పటి నుంచి ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. హోసూరులో ఆకుపచ్చ టిక్కు చూసినప్పుడు నోటికి వచ్చింది ఆ మాటే.

చుక్కలతో కలిపిన మూడు ముక్కలు

ఇంతకీ ఆ గళ్ళ బొమ్మలో ఏముంటుంది? మీ ఇంట్లోనో కొట్లోనో అలాంటి జి.ఎస్.టి. ఇ-ఇన్వాయిస్ బిల్లు ఉంటే మామూలు స్కానరుతో చూడండి. చదవడానికి వీలులేని ఇంగ్లీషు అక్షరాల పొడుగాటి వరుస వస్తుంది. మొదటి మూడు అక్షరాలూ చిన్న ఇ, చిన్న వై, పెద్ద జె. మధ్యలో ఎక్కడో రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలూ వరుసను మూడు ముక్కలుగా విడదీస్తాయి. దీన్ని జేసన్ వెబ్ టోకెన్ అంటారు. పొడి అక్షరాల్లో జె.డబ్ల్యు.టి. పలికేటప్పుడు ‘జాట్’ అనమని దాన్ని రూపొందించినవాళ్ళే సూచించారు. మైకేల్ జోన్స్, జాన్ బ్రాడ్లీ, నాట్ సకిమురా అనే ముగ్గురి పేర్లతో 2015 మే నెలలో, ఇంటర్నెట్టు ప్రమాణాల వరుసలో 7519వ పత్రంగా అది వెలువడింది.

మొదటి ముక్క తలకట్టు. ఏ పద్ధతిలో సంతకం చేశారో అందులో ఉంటుంది. రెండవది విషయం. మన బిల్లు సంగతిలో అయితే అమ్మినవారి జి.ఎస్.టి. నంబరు, కొన్నవారి నంబరు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ, ఎన్ని రకాల సరుకు, అందులో ముఖ్యమైన సరుకు కోడు, నమోదు చేసిన పోర్టలు ఇచ్చిన 64 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటాయి. మూడవ ముక్క సంతకం.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి కనుక అదేదో రహస్య లిపి అనుకుంటారు. కానే కాదు. 64 గుర్తులతో వ్రాసే ఒక పద్ధతి అది, అంతే. కంప్యూటరు లెక్కలో మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా వ్రాస్తారు. ఎవరైనా విప్పి చదువుకోవచ్చు, తాళంచెవి అక్కరలేదు. ప్రతి టోకెనూ అవే మూడు అక్షరాలతో మొదలవడానికి కారణం కూడా చిన్నదే. లోపలి తలకట్టు ఎప్పుడూ ఒక మీసాల బ్రాకెట్టుతో, దాని వెంట కొటేషను గుర్తుతో మొదలవుతుంది. ఆ రెంటినీ ఈ పద్ధతిలో వ్రాస్తే ఆ అక్షరాలే వస్తాయి. అంచేత టోకెను పోస్టుకార్డు లాంటిది. దారిలో ఎవరైనా చదవగలరు. సంతకం చేసే పని ఒక్కటే: ఎవరైనా ఒక్క అంకె దిద్దినా పట్టివ్వడం.

టెస్టు నంబరు, నమూనా సంతకం

సంతకాలు ముఖ్యంగా రెండు రకాలు. మా అమ్మాయి చెబుతుంటే రెండూ నాకు పాత స్నేహితుల్లా అనిపించాయి.

మొదటిది హెచ్.ఎస్.256. పాత రోజుల్లో టెలిగ్రాం ద్వారా డబ్బు పంపేటప్పుడు ‘టెస్టు నంబరు’ వేసేవాళ్ళం. తేదీకి ఇంత, మొత్తానికి ఇంత, బ్రాంచికి ఇంత అని రహస్య కోడు పుస్తకం చూసి ఒక సంఖ్య లెక్కగట్టి టెలిగ్రాంలో చేర్చేవాళ్ళం. అవతలి బ్రాంచి దగ్గరా అదే పుస్తకం ఉంటుంది. వాళ్ళూ లెక్కగట్టి పోల్చుకుంటారు. కలిస్తేనే చెల్లింపు. హెచ్.ఎస్.256 అచ్చంగా ఇదే. ఇద్దరి దగ్గరా ఒకే రహస్యం ఉంటుంది. ఆ రహస్యం కనీసం 256 బిట్లు, అంటే 32 బైట్లు ఉండాలని నిబంధన. పాఠ్యపుస్తకాల్లో ఉదాహరణ కోసం ‘సీక్రెట్’ అన్న మాటనే రహస్యంగా పెడతారు. కొందరు దాన్నే నిజం పనిలోనూ అలాగే వదిలేస్తారట. కోడు పుస్తకాన్ని కౌంటరు మీద పరిచిపెట్టడమే అది!

రెండవది ఆర్.ఎస్.256. 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్మన్ అనే ముగ్గురు కనిపెట్టిన లెక్క మీద నడుస్తుంది. ఇది నమూనా సంతకాల పుస్తకం పద్ధతి. సంతకం చేసేవాడి దగ్గర రహస్య తాళంచెవి ఉంటుంది. దానికి జత అయిన బహిరంగ తాళంచెవిని అందరికీ ఇస్తారు. దానితో ఎవరైనా సరిచూడవచ్చు, కాని దానితో సంతకం చేయలేరు. నమూనా పుస్తకం చూసి చేయి తిరిగినవాడు కాపీ కొట్టగలిగేవాడు, ఇక్కడ ఆ భయం కూడా లేదు. ఇ-ఇన్వాయిస్ పోర్టలు బిల్లు మీద పెట్టే సంతకం ఈ రకానిదే. 2020 అక్టోబరు 1న 500 కోట్ల పైబడిన టర్నోవరు ఉన్నవారితో ఇది మొదలయింది. మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వ్యాపారులకు వర్తింపజేశారు. అందుకే మా బావమరిది కొట్టు లాంటి చిన్న కొట్లకు కూడా ఇలాంటి బిల్లులు విరివిగా వస్తున్నాయి.

ఒక్క మాట తీసేశాడు

ఇక ప్రోగ్రాము సంగతి. ఈ సంతకాల లెక్కలన్నీ ఎవరికి వాళ్ళు మొదటి నుంచి వ్రాసుకోవలసిన పనిలేదు. తెలిసినవాళ్ళు వ్రాసి పెట్టిన సరంజామా ఉంటుంది. దాన్నే లైబ్రరీ అంటారు. పైథాన్ భాషలో దీనికి బాగా వాడుకలో ఉన్న లైబ్రరీ పేరు పైజెడబ్ల్యుటి. అందులో ముఖ్యమైన పనులు రెండు. ఎన్‌కోడ్ అంటే టోకెను తయారుచేయడం. విషయం, తాళంచెవి, పద్ధతి పేరు, ఈ మూడూ ఇస్తే టోకెను చేతికిస్తుంది. డీకోడ్ అంటే విప్పి సరిచూడడం. టోకెను, తాళంచెవి, మనం ఒప్పుకునే పద్ధతుల జాబితా ఇవ్వాలి. సంతకం కలిస్తే విషయం ఇస్తుంది. కలవకపోతే ఏమీ ఇవ్వదు, తప్పు జరిగిందని అరిచి ఆగిపోతుంది.

మనవాడు మొదట సక్రమంగానే వ్రాశాడు. కాని తప్పు తాళంచెవి పెట్టాడు. ‘సంతకం సరిపోలేదు’ అని లైబ్రరీ ఆగిపోయింది. రెండు రోజులు తల పట్టుకుని, ఎక్కడో వెదికి, సంతకం చూడనక్కరలేదని చెప్పే ఒక మీట కనిపెట్టాడు. విషయం మాత్రం చదువుకోవడానికి అలాంటి వెసులుబాటు లైబ్రరీలో ఉంది. అది నొక్కగానే గొడవ తీరిపోయింది. బిల్లులు చకచకా చదివేస్తోంది. చదివిన ప్రతి దానికీ వీడి ప్రోగ్రాము ఆకుపచ్చ టిక్కు పెట్టేస్తోంది.

“పని చేస్తోంది కదా వదినా!” అన్నాడు మా అమ్మాయితో.

తను ఏమీ వాదించలేదు. 2,36,000 రూపాయల బిల్లు ఒకటి తీసుకుంది. రెండు లక్షల సరుకు, 18 శాతం పన్ను. టోకెనును చుక్కల దగ్గర మూడు ముక్కలు చేసింది. నడిమి ముక్క విప్పి, 2 అంకెను 3 చేసి, మళ్ళీ అదే పద్ధతిలో వ్రాసి, పాత సంతకాన్నే తగిలించింది. మొత్తం రెండు నిమిషాల పని. ప్రోగ్రాముకు చూపించింది. తెర మీద 3,36,000 అని వచ్చింది. పక్కన ఆకుపచ్చ టిక్కు. ‘సరిచూడబడినది’.

మా బావమరిది ముఖంలో రంగు మారింది. మూడు నెలలుగా ఆ టిక్కు చూసుకునే చెల్లింపులు చేస్తున్నాడు మరి. కుర్రవాడు తల దించుకున్నాడు. వాణ్ణి చూస్తే నాకు 1994లో విచారణ గదిలో నిలబడిన నేనే కనిపించాను. “నేను బీరువా దాకా లేవలేదురా. నువ్వు మీట నొక్కావు. ఇద్దరం ఒకటే” అన్నాను. డ్రాఫ్టు కథ వాడికి చెప్పడం అదే మొదటిసారి. నిజానికి మా అమ్మాయికీ అప్పటిదాకా తెలియదు.

మూడు బిల్లులు నిలబడ్డాయి

వెంటనే ఆ మీట తీసేశారు. పోర్టలు వారి బహిరంగ తాళంచెవి సరైనది తెచ్చి పెట్టారు. దిద్దిన బిల్లు ఇస్తే ‘సంతకం సరిపోలేదు’ అని ఆగిపోయింది. అసలు బిల్లు ఇస్తే కలిసింది. అప్పుడు మూడు నెలల బిల్లులు, మొత్తం 61, వరుసగా మళ్ళీ చూశాం. 58 కలిశాయి. మూడు కలవలేదు!

మూడూ ఒకే వ్యాపారి బిల్లులు. మా మామగారి కాలం నుంచి ఉధారుకు సరుకు ఇస్తున్న మనిషి. మా బావమరిది కోపంతో ఫోను అందుకున్నాడు. “ఇన్నేళ్ళ నమ్మకం! ఇలా చేస్తాడా?” అంటూ నంబరు నొక్కబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. సంతకం కలవలేదంటే దొంగదనుకోవడానికి ముందు, సరైన పేజీతోనే పోల్చామా అని చూసుకోవాలి. కొత్త ఆఫీసరు చేరి, ఆయన నమూనా మన పుస్తకంలో ఇంకా అతికించకపోతే అసలు డ్రాఫ్టు కూడా కలవదు కదా.

అమ్మాయి టోకెను తలకట్టూ లోపలి విషయమూ విప్పి చూసింది. ఇ-ఇన్వాయిస్ నమోదు చేసే పోర్టళ్ళు ఇప్పుడు ఒకటి కాదు, కొన్ని ఉన్నాయి. ఆ వ్యాపారి వేరే పోర్టలులో నమోదు చేస్తున్నాడు. సంతకం ఆ పోర్టలుది. దాని బహిరంగ తాళంచెవిని దాని అధికారిక చోటు నుంచే తెచ్చి చూస్తే మూడూ నిక్షేపంగా కలిశాయి. మా బావమరిది ఫోను పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఒక్క ఫోను చేసి ఉంటే ఏళ్ళ తరబడి ఉన్న స్నేహం పోయేది. చూడకుండా నమ్మడం ఎంత ప్రమాదమో, సరిగ్గా చూడకుండా అనుమానించడమూ అంతే ప్రమాదం.

కాగితం చెప్పినట్లు వినకూడదు

మా అమ్మాయి ఆ రోజు ఇంకో సంగతి చెప్పింది. నాకు అది అన్నిటికన్నా నచ్చింది. ఏ పద్ధతిలో సంతకం చేశారో టోకెను తలకట్టులోనే ఉంటుందని చెప్పాను కదా. ప్రమాణంలో ‘సంతకం లేదు’ అనే పద్ధతికి కూడా చోటుంది. పాత లైబ్రరీలు కొన్ని ఆ తలకట్టు ఏం చెబితే అదే వినేవి. దొంగ తన టోకెను మీద ‘దీనికి సంతకం లేదు’ అని వ్రాసి పంపితే, సరేనని చూడకుండానే పాసు చేసేవి! డ్రాఫ్టు మీద ‘దయచేసి సంతకం పోల్చవద్దు’ అని వ్రాసి ఉంటే ఆఫీసరు తల ఊపినట్టు.

ఇంకో టక్కు కూడా ఉంది. ఆర్.ఎస్. పద్ధతిలో చూడవలసిన టోకెను మీద హెచ్.ఎస్. అని మార్చి వ్రాస్తాడు దొంగ. అప్పుడు లైబ్రరీ ఏంచేస్తుంది? తన దగ్గర ఉన్న బహిరంగ తాళంచెవినే రహస్య కోడు పుస్తకం అనుకుని లెక్కగడుతుంది. బహిరంగం కనుక అది దొంగ దగ్గరా ఉంది. వాడూ దానితోనే లెక్కగట్టి పంపుతాడు. రెండూ కలుస్తాయి. 2015 మార్చిలో టిమ్ మెక్లీన్ అనే ఆయన ఈ రెండు లోపాలనూ బయటపెట్టాడు. తరువాత లైబ్రరీలు దిద్దుకున్నాయి. పైజెడబ్ల్యుటి 2020 డిసెంబరులో వచ్చిన రెండవ ప్రధాన కూర్పు నుంచి, సరిచూసేవాడు తాను ఒప్పుకునే పద్ధతుల జాబితా తానే ఇచ్చి తీరాలని నియమం పెట్టింది. ఇవ్వకపోతే సంతకం చూసే పని జరగదు. ఎలా సరిచూడాలో నిర్ణయించవలసినది పుచ్చుకునేవాడు, తెచ్చినవాడు కాదు. మా వాడి ప్రోగ్రాములో ఇప్పుడు ఆ జాబితాలో ఒకే పేరు ఉంది: ఆర్.ఎస్.256.

సంతకం చెప్పనివి

అయితే సంతకం కలిసినంత మాత్రాన కళ్ళు మూసుకోమని కాదు. ఇ-ఇన్వాయిసును నమోదు చేసిన 24 గంటల్లోపు పోర్టలులో రద్దు చేసుకోవచ్చు. రద్దయినా మన చేతిలోని కాగితం మీద సంతకం అలాగే కలుస్తుంది. పోయిందని చెప్పి చెల్లింపు ఆపించిన డ్రాఫ్టు మీద కూడా సంతకం అసలుదే కదా. ‘నేను చెప్పింది ఇదే, ఎవరూ దిద్దలేదు’ అని మాత్రమే సంతకం చెబుతుంది. ‘ఇది ఇప్పటికీ చెల్లుతుంది’ అని చెప్పదు. సరుకు గోడౌనులో దిగిందా లేదా అనీ చెప్పదు. ఆ పనులకు పోర్టలూ, మన కళ్ళూ కావాలి. పెద్ద మొత్తాల బిల్లులను పోర్టలులో కూడా చూసుకొమ్మని మా బావమరిదికి చెప్పాను. సొంత ప్రోగ్రాము లేని చిన్న వ్యాపారులు జి.ఎస్.టి. నెట్‌వర్కు 2023లో విడుదల చేసిన తనిఖీ యాప్ వాడుకోవచ్చు.

వ్యాపారం లేనివారికి ఇందులో ఏముంది అంటారేమో. ఉంది. చాలా వెబ్‌సైట్లలో, యాప్‌లలో మీరు పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్ళగానే తెర వెనుక మీకు ఇలాంటి టోకెనే ఒకటి ఇస్తారు. ప్రతిసారీ పాస్‌వర్డు అడగకుండా దాన్ని చూసి పంపిస్తారు. అలా వాడే టోకెనును బేరరు టోకెను అనే అంటారు. మన బేరరు చెక్కులాగే, ఎవరి చేతిలో ఉంటే వాడిదే. అందుకే దానికి గడువు పెడతారు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ లెక్కలో గడువు వ్రాస్తారు. గడువు దాటితే, సంతకం కలిసినా సరే, లైబ్రరీ తిప్పికొడుతుంది. రిజర్వు బ్యాంకు 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కులకూ డ్రాఫ్టులకూ ఆరు నెలల గడువును మూడు నెలలకు తగ్గించడం మీకు గుర్తుండే ఉంటుంది. టోకెనుకు నెలలు కాదు, చాలా చోట్ల నిమిషాలూ గంటలే. ఎవరైనా ఫోను చేసి, “తెర మీద పొడుగాటి అక్షరాల వరుస కనిపిస్తోందా, అది కాపీ చేసి పంపండి” అంటే పంపకండి. మీ ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే.

మేము బయలుదేరే ముందు కుర్రవాడు వచ్చి కొత్త ఏర్పాటు చూపించాడు. ఇప్పుడు టిక్కులు రెండు రకాలు. సంతకం కలిస్తే ఆకుపచ్చ. చదవడం అయింది కాని సంతకం కలవకపోతే ఎర్ర గీత, దాని పక్కన ‘ఆగండి, పెద్దవాళ్ళను అడగండి’ అని తెలుగులో వ్రాసి ఉంది. వాడికి తెలుగు మాట్లాడడమే గాని వ్రాయడం అంతంతమాత్రం. ‘ఆగండి’లో సున్నా మరిచిపోయాడు. వాళ్ళ నాన్న దిద్దబోతే నేను వద్దన్నాను. వాడి చేత్తోనే దిద్దించాను.

ఈసారికి ఇంతే. మీ ఇళ్ళల్లో పిల్లలు ఏదైనా కొత్త యంత్రమో ప్రోగ్రామో చూపించి ‘పని చేస్తోంది’ అంటే సంతోషించండి, మెచ్చుకోండి. తరువాత మెల్లగా ఒక్క మాట అడగండి: “సంతకం చూశారా?”

వచ్చే సంచికలో లాకరు తాళాల సంగతి ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.